చిన్న రెస్క్యూ కుక్కని తెచ్చుకోవాలా వద్దా, ఎలా తేల్చుకోవాలి?

ఫోన్‌లో ఒక ఫోటో చూసి ఉంటారు. ఒళ్ళో ఇమిడిపోయేంత కుక్క, పెద్ద కళ్ళు, ఒక చెవి నిక్కబొడుచుకుని ఇంకోటి వాలిపోయి, కింద ఎవరో రాశారు దీనికి ఇల్లు కావాలి అని. గుండె తరుక్కుపోయి ఇప్పుడే తీసుకుంటాం అని చెప్పేయాలనిపిస్తుంది. ఫోన్ చేయండి, వివరాలు అడగండి, వెళ్ళి చూడండి కూడా, కానీ తీసుకుంటాం అన్న మాట మాత్రం కింద చెప్పేవన్నీ అయ్యాకే అనండి.

నేను రెస్క్యూ కుక్కలకి, అంటే వీధిలోంచి కాపాడి తెచ్చిన, లేదా పెంచుకున్నవాళ్ళు వదిలేసిన కుక్కలకి ఇళ్ళు చూసే పనిలో ఉంటా కాబట్టి వెళ్ళి మళ్ళీ తిరిగొచ్చేసిన కుక్కల్ని కూడా చూస్తుంటా. నేను చూసినంతలో కుక్క చెడ్డదై తిరిగొచ్చింది చాలా తక్కువ, తీసుకెళ్ళినవాళ్ళు కూడా మంచివాళ్ళే, ఎక్కువసార్లు జరిగింది ఏంటంటే చిన్నదే కదా ఏముందిలే అనుకుని తీసుకెళ్ళారు. ఒళ్ళు చిన్నదైనంత మాత్రాన పని చిన్నదైపోదు, కొన్ని విషయాల్లో పెద్ద కుక్క కంటే దీనికే ఎక్కువ జాగ్రత్త కావాలి. అది ఎక్కడెక్కడ అనేది తెలిస్తే అవునో కాదో మీకే తేలిపోతుంది.

1. ముందు మీ మామూలు రోజు ఒకటి కాగితం మీద రాయండి

సెలవు రోజు కాదండీ, వారం మధ్యలో బాగా పనున్న రోజు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఇంట్లో ఎవరు ఏ టైమ్‌కి ఉంటారో రాయండి. ఇప్పుడు దాంట్లో కుక్క పనులు పెట్టండి, కనీసం మూడు నాలుగు సార్లు బయటికి తీసుకెళ్ళాలి, రెండు పూటలా తిండి, రోజుకి ఒకటి రెండు సార్లు నిదానంగా నడక, కాసేపు ఆట, బొచ్చు ఎక్కువున్న రకమైతే దువ్వడం. ఎదిగిన కుక్కలు రోజుకి పన్నెండు పద్నాలుగు గంటలు పడుకునే ఉంటాయి కాబట్టి రోజంతా మీరు దాని వెనకే తిరగక్కర్లేదు, కానీ ఆ మిగతా గంటల్లో మీరు కావాలి దానికి.

ఒంటరిగా ఎన్ని గంటలు ఉండాల్సొస్తుంది అన్నది అన్నిటికంటే ముఖ్యం. అలవాటైన, ఎదిగిన కుక్క నాలుగు నుంచి ఆరు గంటలు ఉండగలదు, పిల్లకుక్క అయితే దాని వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలుపుకుంటే సుమారుగా అన్ని గంటలే ఉచ్చ ఆపుకోగలదు, అంటే మూడు నెలల పిల్ల నాలుగు గంటలు, అదీ గట్టిగా అయితే. చిన్న జాతుల వాటికి ఇంకా తక్కువే అనుకోండి. ఇక రెస్క్యూ కుక్కల్లో కొన్నిటికి మనిషి తలుపు వేసుకుని వెళ్ళిపోతే చాలు ప్రాణం పోయినంత పనవుతుంది, ఏడుస్తాయి, తలుపు గీకుతాయి, గోళ్ళ నుంచి రక్తం వచ్చేదాకా కూడా. అది అల్లరి కాదు భయం, దాన్ని పోగొట్టడానికి నెలలు పడుతుంది, మొదట్లో నిమిషాల లెక్కన వదిలి అలవాటు చేయాలి. మీ కాగితం మీద రోజుకి తొమ్మిది పది గంటలు ఇల్లు ఖాళీ అని తేలితే, మధ్యలో వచ్చి చూసే మనిషి ఎవరో పేరుతో సహా రాసుకోండి. ఎవరో ఒకరు చూస్తార్లే అని రాసుకోవద్దు.

ఇంకో లెక్క కూడా వేయండి. చిన్న కుక్కలు పెద్ద జాతుల కంటే ఎక్కువ కాలం బతుకుతాయి, పన్నెండు నుంచి పదహారేళ్ళు మామూలు విషయం. ఇప్పుడు రెండేళ్ళ కుక్కని తెచ్చుకుంటే ఇవాళ బడికెళ్ళే మీ పిల్లలు ఉద్యోగంలో చేరే టైమ్‌కి కూడా అది ఉంటుంది. ఇల్లు మారడం, ఊరు మారడం, పెళ్ళి, కొత్త బిడ్డ, అమ్మానాన్నల ఆరోగ్యం, ఇవన్నీ ఆ లోపలే వస్తాయి. భయపెట్టడానికి చెప్పట్లేదు, కాకపోతే వచ్చే ఆరు నెలల్లోనే ఇల్లు మారబోతున్నారనో బిడ్డ పుట్టబోతోందనో తెలిసి ఉంటే మాత్రం ఆగండి, అవి అయ్యాక తెచ్చుకోండి.

2. ఇంట్లో అందరితో కూర్చుని మాట్లాడండి

పిల్లలు మేమే నడిపిస్తాం మేమే స్నానం చేయిస్తాం అంటారు, ఆ మాట అన్నప్పుడు నిజంగానే అంటారు, కానీ ఆరంభశూరత్వం ఎన్నాళ్ళుంటుందో మీకు తెలుసు. అందుకే ఇంట్లో ఒక పెద్ద మనిషి ఇది నా బాధ్యత అని ఒప్పుకుంటేనే ముందుకెళ్ళండి, మిగతావాళ్ళు చేసేది సాయం అనుకోండి. ఇంట్లో ఒక్కరు గట్టిగా వద్దంటున్నా, వాళ్ళని ఒప్పించేశాం అనుకుని తెచ్చేయొద్దు. ఆ మనిషి విసుగు మొత్తం ఆ నోరులేని జీవం మీదే పడుతుంది రేపు.

అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకున్నట్టు రాతలో తీసుకోండి. నోటిమాటగా సరే అన్నవాళ్ళు పక్కింటివాళ్ళు ఒకసారి కంప్లైంట్ చేయగానే మాట మార్చేస్తారు, అప్పుడు ముందు నుయ్యి వెనక గొయ్యి అయిపోతుంది మీ పని. చిన్న కుక్కలు చాలా వరకు చప్పుడుకి తొందరగా మొరుగుతాయి, అదీ గుర్తు పెట్టుకోండి.

ఎవరికైనా ఎలర్జీ, ఆయాసం ఉంటే వాళ్ళని ఆ కుక్కతోనే, అదే కుక్కతో, వేర్వేరు రోజుల్లో గంటసేపు కూర్చోబెట్టండి. బొచ్చు రాలని జాతి కాబట్టి ఎలర్జీ రాదు అని చాలామంది చెప్తారు, నమ్మకండి. ఎలర్జీ తెప్పించే ప్రొటీన్లు కుక్క ఎంగిల్లో, చర్మం పొట్టులో ఉంటాయి, అవి లేని జాతి అంటూ లేదు, ఒక్కో కుక్కకి ఎక్కువ తక్కువలు ఉంటాయంతే.

అయిదేళ్ళ లోపు పిల్లలుంటే ఇంకొంచెం ఆలోచించండి. మామూలుగా కుక్క పిల్లల్ని కరుస్తుందేమో అని భయపడతాం కదా, మరీ చిన్న జాతుల విషయంలో పిల్లల వల్ల కుక్కకి దెబ్బ తగలడం కూడా అంతే నిజమైన ప్రమాదం. రెండు మూడు కిలోల కుక్కని పిల్లాడు ఎత్తుకుని జారవిడిస్తే ముందు కాలు ఎముక పుటుక్కున విరుగుతుంది, ఆ చోట రక్తం సరఫరా తక్కువ కాబట్టి బొమ్మలాంటి ఆ చిన్న జాతుల్లో అది అతుక్కోవడం కూడా కష్టమే. అలా ఎత్తి ఎత్తి విసిగించాక కుక్క కరిస్తే తప్పు దానిది అవుతుంది. పసిపిల్లలున్న ఇంటికి మరీ చిన్న కుక్క కంటే ఏడెనిమిది కిలోల దిట్టమైన, నెమ్మదస్తురాలైన కుక్క నయం, అది కూడా పిల్లలున్న చోట పెరిగిందని రెస్క్యూ వాళ్ళు చెప్తేనే. కరవడం గీకడం జరిగితే ఎంత చిన్న గాటైనా సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికెళ్ళాలి అని ఇంట్లో అందరికీ ఇప్పుడే చెప్పి పెట్టండి, రేబిస్ లక్షణాలు మొదలయ్యాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

ఇంట్లో ముందే ఒక కుక్క గానీ పిల్లి గానీ ఉంటే, వాటి ఇష్టం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ముఖ్యంగా మీ దగ్గరున్నది పెద్ద కుక్క అయితే, ఎంత మంచిదైనా సరే, చిన్నది కీచుమని పరిగెత్తగానే వేటాడే బుద్ధి ఒక్క క్షణం లేచినా చాలు, బరువులో అంత తేడా ఉన్నప్పుడు ఒక్క పట్టుకే ప్రాణం పోతుంది. రెండిటినీ ముందు బయట ఎక్కడన్నా, ఎవరి ఇల్లూ కాని చోట, లీష్ మీద పక్కపక్కన నడిపించి చూడండి.

3. కుక్క ఎక్కడ్నుంచి వచ్చిందో అడగండి

రెస్క్యూ కుక్కలన్నిటినీ ఒకే గాటన కట్టడానికి లేదు. వీధిలో దొరికింది వేరు, పెంచుకున్న పెద్దాయన పోతే దిక్కులేనిదైంది వేరు, పిల్లల కోసం బోన్లో పెట్టి ఈనించి ఈనించి ఇక పనికిరాదని వదిలేసిన తల్లి కుక్క పూర్తిగా వేరు. పెద్దాయన కుక్కకి ఇల్లంటే తెలుసు, మనిషంటే తెలుసు, దుఃఖంలో ఉంటుంది, తిండి సరిగ్గా తినదు, కొన్నాళ్ళకి కుదుటపడుతుంది. బోన్లో బతికినదానికి మాత్రం నున్నటి నేల మీద నడవడం, మెట్లెక్కడం, టీవీ చప్పుడు, ఫ్యాను నీడ, ఏదీ తెలీదు. అలాంటి ఒకదాన్ని దగ్గర్నుంచి చూశా, సోఫా వెనకే ఉండేది, గిన్నె ఎదురుగా పెట్టినా ముట్టేది కాదు, ఇంట్లో లైట్లన్నీ ఆర్పేశాక గోళ్ళ చప్పుడు వినపడేది టిక్కు టిక్కుమని, పొద్దున చూస్తే గిన్నె ఖాళీ. మూడు వారాల వయసు నుంచి పన్నెండు పద్నాలుగు వారాల దాకా పిల్లకుక్క ఏం చూస్తే అవి దానికి మామూలు అయిపోతాయి, ఆ టైమ్ అంతా బోన్లో గడిచిపోతే ఆ లోటు తర్వాత పూడ్చడం కష్టం, కుదరదని కాదు, చాలా ఓపిక కావాలి.

కాబట్టి ఈ కుక్క ఇక్కడికి వచ్చి ఎన్నాళ్ళయింది, అంతకుముందు ఎక్కడుంది, వదిలేసినవాళ్ళు ఏం కారణం చెప్పారు, ఎవరినైనా కరిచిందా, కరిస్తే అప్పుడు ఏం జరుగుతోంది, ఇంతకుముందు ఎవరైనా తీసుకెళ్ళి తిరిగిచ్చారా, ఎందుకిచ్చారు, ఇవన్నీ అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. రాత్రి ఎక్కడ పడుకుంటుంది, ఒంటరిగా వదిలితే ఎలా ఉంటుంది, మగవాళ్ళంటే భయమా, ఒకటికీ రెంటికీ ఎక్కడికెళ్తుంది అన్నవి షెల్టర్ (ఇలాంటి కుక్కల్ని ఉంచే చోటు) మేనేజర్ కంటే రోజూ దానికి తిండి పెట్టే మనిషికి బాగా తెలుస్తాయి, వాళ్ళతో అయిదు నిమిషాలు మాట్లాడనివ్వమని అడగండి. ఎవరింట్లోనైనా ఫోస్టర్‌లో, అంటే శాశ్వత ఇల్లు దొరికేదాకా తాత్కాలికంగా ఉంటే ఇంకా మంచిది, ఇంట్లో ఎలా ఉంటుందో వాళ్ళు చూసి ఉంటారు. ఏ ప్రశ్న అడిగినా అబ్బే చాలా మంచి కుక్కండీ అనే ఒక్క మాటే వస్తోంటే మాత్రం జాగ్రత్త పడండి. మంచి రెస్క్యూ వాళ్ళు కుక్కలో ఉన్న ఇబ్బందులు వాళ్ళే ముందు చెప్తారు, తిరిగి మిమ్మల్ని కూడా ప్రశ్నలు అడుగుతారు.

వయసు గురించి నా మాట వినండి, మొదటిసారి కుక్కని పెంచబోతుంటే పిల్లకుక్క కోసం పట్టుబట్టకండి. నాలుగేళ్ళు దాటిన కుక్క ఎంత ఎదుగుతుందో, దాని స్వభావం ఏంటో కళ్ళ ముందే ఉంటుంది, చాలావాటికి బయటికెళ్ళే అలవాటు కూడా అయి ఉంటుంది. చిన్న జాతి అయితే ఆ వయసు దానికి సగం జీవితం కూడా కాదు, అయినా పెద్ద వయసని చెప్పి వాటిని ఎవరూ అడగరు, ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోతాయి.

4. ఆరోగ్యం కాగితాలు, వాటితో పాటు ఒళ్ళు కూడా చూడాలి

కాగితాల్లో ఏం ఉండాలంటే, రేబిస్ టీకా వేసిన తేదీ, డిస్టెంపర్, పార్వో అనే వైరస్ జబ్బులకి వేసే కాంబినేషన్ టీకా తేదీలు, నులిపురుగుల మందు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా లేదా, మైక్రోచిప్ (గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే చిన్న చిప్) ఉంటే దాని నంబర్ (సాధారణంగా 15 అంకెలుంటాయి) ఎవరి పేరు మీద ఉంది. పిల్లకుక్కకి ఆ కాంబినేషన్ టీకా ఆరు ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి రెండు నుంచి నాలుగు వారాలకోసారి చొప్పున కనీసం పదహారు వారాలు నిండేదాకా వేయాలి, ఒక్క డోసు వేసి టీకాలైపోయాయి అంటే అవ్వలేదనే అర్థం. పార్వో అంటుకున్నా లక్షణాలు బయటపడటానికి వారం, ఒక్కోసారి రెండు వారాల దాకా పట్టొచ్చు, అందుకని నిన్ననే వచ్చిన పిల్లకుక్కని ఇవాళే ఇంటికి తీసుకెళ్ళకుండా కొన్నాళ్ళు చూడటం మంచిది. దోమల వల్ల వచ్చే, గుండెలో చేరే హార్ట్‌వార్మ్ పురుగు టెస్ట్ సంగతి కూడా అంతే, పురుగు ఒంట్లోకి చేరిన ఆరు నెలలకి గానీ టెస్ట్‌లో సరిగ్గా తెలీదు కాబట్టి ఇప్పుడు నెగటివ్ వచ్చినా ఆరు నెలలాగి మళ్ళీ చేయించాలి.

ఇక చిన్న కుక్కలకి ప్రత్యేకంగా వచ్చేవి. ఇక్కడే ఎక్కువమంది తెలీక ఇబ్బంది పడతారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

పళ్ళు. చిన్న నోట్లో అన్ని పళ్ళూ ఇరుక్కుని ఉంటాయి, మూడేళ్ళు దాటేసరికే చాలావాటికి చిగుళ్ళ జబ్బు మొదలవుతుంది, రెస్క్యూ కుక్కల్లో పళ్ళు ఎవరూ తోమి ఉండరు కాబట్టి ఇంకా ఎక్కువ. పెదవి పక్కకి ఎత్తి చూపించమని వాళ్ళనే అడగండి, వెనక పళ్ళ మీద గోధుమరంగు గార, చిగురు అంచున ఎర్రటి గీత, నోరు కంపు కొట్టడం కనిపిస్తే మత్తిచ్చి పళ్ళు క్లీన్ చేయించాల్సి వస్తుంది, కొన్ని పళ్ళు పీకాల్సి కూడా రావొచ్చు. ఇది చిన్న ఖర్చు కాదు. అలాగని ఆ కుక్కని వదిలేయక్కర్లేదు, పుచ్చిపోయిన పళ్ళు తీసేశాక మళ్ళీ హాయిగా తినే కుక్కలు చాలా ఉన్నాయి, ఖర్చు ముందే తెలిసుండాలని చెప్తున్నా.

మోకాలి చిప్ప. నడుస్తూ నడుస్తూ మధ్యలో వెనక కాలు ఒకటి పైకి ముడిచి రెండడుగులు గెంతి మళ్ళీ మామూలుగా నడిచేస్తే ముద్దుగా ఉందనుకుంటాం, అది చాలాసార్లు మోకాలి చిప్ప పక్కకి జారడం. తక్కువ స్థాయిలో ఉంటే బరువు పెరక్కుండా చూసుకుంటే సరిపోవచ్చు, ఎక్కువైతే ఆపరేషన్ పడుతుంది. అందుకే కుక్కని ఎత్తుకుని చూపిస్తే సరే అనకండి, కింద వదిలి నడిపించి చూపించమనండి.

గొంతు. పొమరేనియన్, యార్కీ, చివావా లాంటివాటిలో శ్వాసనాళం మెత్తబడి నొక్కుకుపోయే జబ్బు వస్తుంది, బాతు అరిచినట్టు పొడి దగ్గు వస్తుంది. వీటికి మెడకి కాలర్ కట్టి లాగకూడదు, ఛాతీ చుట్టూ వేసే హార్నెస్సే వాడాలి. నిజానికి ఏ చిన్న కుక్కకైనా హార్నెస్ మేలు.

గుండె. వయసు మీదపడ్డ చిన్న కుక్కల్లో గుండె కవాటం పాడవడం చాలా మామూలు, డాక్టర్ స్టెతస్కోప్ పెట్టగానే మర్మర్, అంటే గుండె చప్పుడులో తేడా వినపడుతుంది. మందులతో ఏళ్ళు బతుకుతాయి. నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి పీలుస్తోందో లెక్కపెట్టడం నేర్చుకోండి, రోజూ ముప్ఫై దాటుతుంటే డాక్టర్‌కి చూపించాలి.

డాక్స్‌హుండ్ లాంటి పొడుగు నడుం వాటికి వెన్నుపూస డిస్క్ సమస్యలు, సోఫా మీంచి దూకనివ్వకూడదు. పగ్ లాంటి చప్పిడి ముక్కు వాటికి ఊపిరి కష్టం, ఎండకి అస్సలు తట్టుకోలేవు, మీరున్న చోట వేడి ఎక్కువైతే ఇది చాలా పెద్ద విషయం. ఇక మరీ చిన్న జాతి పిల్లకుక్కలు కొన్ని గంటలు తినకపోయినా ఒంట్లో షుగర్ పడిపోయి తూలిపోతాయి, రోజుకి నాలుగైదు సార్లు కొంచెం కొంచెం పెడుతుండాలి.

వీలైతే ఒప్పుకునే ముందే మీకు నమ్మకమున్న వెట్‌తో, అంటే పశువుల డాక్టర్‌తో ఒకసారి చూపించుకుంటాం అని అడగండి. జబ్బున్న కుక్కని తెచ్చుకోకూడదు అని కాదు నా ఉద్దేశం, తెలిసి తెచ్చుకోండి అంటున్నా.

5. ఒకసారి కాదు, కనీసం రెండుసార్లు వెళ్ళి కలవండి

షెల్టర్‌లో కనిపించే కుక్క ఇంట్లో ఉండే కుక్క కాదు. చుట్టూ మొరుగుళ్ళ మధ్య కొన్ని వణుకుతూ మూలకి నక్కుతాయి, కొన్ని పిచ్చెక్కినట్టు గెంతుతాయి, రెండూ భయమే కావొచ్చు. అందుకే బోను దగ్గర నిలబడి నిర్ణయం తీసుకోకుండా, పక్కన ప్రశాంతంగా ఉన్న గదికో బయటికో తీసుకురమ్మనండి.

వెళ్ళగానే దాని మీదకి వంగకండి, ఎత్తుకోకండి. కింద కూర్చోండి, దానికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి తిరిగి, కళ్ళలోకి సూటిగా చూడకుండా, చెయ్యి ఒడిలో పెట్టుకుని. అదే రావాలి. వచ్చి వాసన చూసి వెళ్ళిపోతే పర్లేదు, మళ్ళీ వస్తుంది. ఛాతీ మీద మెల్లగా రెండు సెకన్లు గోకి చెయ్యి తీసేయండి, ఇంకా కావాలంటే అదే దగ్గరికి జరుగుతుంది, వద్దంటే మొహం తిప్పుకుంటుంది లేదా లేచి వెళ్ళిపోతుంది. చిన్న కుక్కలతో మనుషులు చేసే పెద్ద అన్యాయం ఏంటంటే వాటి వద్దు అనే మాట ఎవరూ వినరు, ఎత్తేసుకుంటారు. వద్దు అని మెల్లగా చెప్పినన్నాళ్ళు వినకపోతే కరిచి చెప్పడం నేర్చుకుంటాయి, తర్వాత చిన్న కుక్కలింతే పొగరు అంటారు.

ఊరికే పెదవులు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, కనుగుడ్డు తెల్లది కనపడేలా ఓరగా చూడటం, చెవులు వెనక్కి అంటుకుపోవడం, తోక కాళ్ళ మధ్యలోకి పెట్టుకోవడం, ఇవి నాకు ఇబ్బందిగా ఉంది అని చెప్పడం. ఇవి కనిపిస్తే మీరు వెనక్కి తగ్గండి, తగ్గాక అది ఎంతసేపటికి మామూలవుతుందో చూడండి. నేనైతే అన్నిటికంటే ఇదే ఎక్కువ చూస్తా. భయపడటం తప్పు కాదు, తాళాల గుత్తి కింద పడితే ఉలిక్కిపడని కుక్క తక్కువ, కానీ ఒక నిమిషంలో తేరుకుని మళ్ళీ ముక్కు ఎగబీలుస్తూ వస్తే మీ ఇంట్లో కుదురుకునే అవకాశం బాగా ఉంది. కదలకుండా కొయ్యబారిపోయి, పెట్టినదేదీ తినకుండా, మీరున్నంతసేపూ అలాగే ఉంటే దానికి అనుభవమున్న, గొడవ లేని ఇల్లు కావాలి, అది మీదో కాదో నిజాయితీగా చూసుకోండి. కదలకుండా ఉండటాన్ని చాలామంది ఎంత బుద్ధిమంతురాలో అనుకుంటారు, దగ్గరికెళ్ళి చూస్తే ఒళ్ళంతా బిగుసుకుపోయి ఉంటుంది.

రెండోసారి వెళ్ళేటప్పుడు ఇంట్లో అందరూ వెళ్ళండి, వేరే టైమ్‌లో వెళ్ళండి. హార్నెస్ వేసి కాసేపు నడిపించండి. తింటున్నప్పుడు మనిషి దగ్గరికొస్తే ఏం చేస్తుందో రోజూ చూసేవాళ్ళని అడిగి తెలుసుకోండి, మీరు మాత్రం గిన్నెలో చెయ్యి పెట్టి పరీక్షలు చేయకండి.

6. ఖర్చు

చిన్న కుక్క తక్కువే తింటుంది, నిజమే, కానీ వెట్ ఫీజు కుక్క సైజు చూసి సగానికి తగ్గదు. మూడు లెక్కలు వేసుకోండి, మొదటి నెల ఖర్చు (చెకప్, టీకాలు, హార్నెస్, పడక, క్రేట్ అనే పడుకునే పెట్టె), నెలనెలా ఖర్చు (తిండి, పిడుదుల మందు, బొచ్చు కత్తిరింపు), ఏడాదికోసారి వచ్చేవి. వీటన్నిటికీ పక్కన అర్ధరాత్రి ఎమర్జెన్సీకి ఒక మొత్తం విడిగా. అయిదు కిలోల కుక్కకి డార్క్ చాక్లెట్ కొన్ని ముక్కలే ప్రమాదం, ద్రాక్ష, కిస్మిస్, ఉల్లిపాయ, చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో వేసే జైలిటాల్ కూడా అంతే, ఒళ్ళు ఎంత చిన్నదైతే విషం అంత తొందరగా ఎక్కుతుంది. ఆ ఎమర్జెన్సీ డబ్బు ఇప్పుడు లేకపోతే కొన్ని నెలలు దాచుకుని అప్పుడు తెచ్చుకోండి.

7. కుదిరితే కొన్నాళ్ళు ఫోస్టర్‌గా ఉంచుకుని చూడండి

చాలా రెస్క్యూ వాళ్ళు ముందు ఫోస్టర్‌గా తీసుకెళ్ళి తర్వాత చెప్పండి అంటారు, వాళ్ళు అనకపోతే మీరే అడగండి. దీనికంటే మంచి దారి లేదు. రెస్క్యూ వాళ్ళ మధ్య మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క ఉంది, మొదటి మూడు రోజులు బెదురుగా ఉంటుంది, మూడు వారాలకి ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకి ఇది నా ఇల్లు అనుకుంటుంది. ఇది కచ్చితమైన శాస్త్రం ఏమీ కాదు, ఒక్కోదానికి ఏడాది పడుతుంది, కానీ మొదటి వారం చూసి ఇది ఇంతే అని తేల్చేయకుండా ఉండటానికి పనికొస్తుంది. మొదటి వారం అసలు నోరే ఎత్తని కుక్క మూడో వారంలో కాలింగ్ బెల్‌కి ఇల్లు ఎగిరిపోయేలా మొరగొచ్చు, పాడైందని కంగారుపడకండి, ధైర్యం వచ్చిందని అర్థం, అప్పుడు నేర్పించడం మొదలుపెట్టాలి.

ఆ రోజుల్లో చుట్టాలని పిలిచి చూపించకండి. అది ఇంతవరకు తింటున్న తిండే కొంచెం అడిగి తెచ్చుకోండి, మార్చాలంటే వారం పది రోజుల మీద కొంచెం కొంచెం కలుపుతూ మార్చండి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. బయట తలుపు తీసేటప్పుడల్లా హార్నెస్ వేసి ఉందో లేదో చూస్కోండి, కొత్త ఇంటి నుంచి పారిపోయే కుక్కలు ఎక్కువగా మొదటి రోజుల్లోనే పారిపోతాయి, చిన్నవి గేటు సందుల్లోంచి కూడా దూరిపోతాయి. ప్రతి రాత్రీ రెండు ముక్కలు రాసి పెట్టుకోండి, ఇవాళ ఏం తింది, ఎంతసేపు ఒంటరిగా ఉంది, దేనికి భయపడింది, మీరెలా ఉన్నారు అని. మీరెలా ఉన్నారు అన్నది వదిలేయకండి. కొత్త కుక్క వచ్చిన మొదటి రోజుల్లో నిద్ర లేక ఏడుపొచ్చి, ఎందుకు తెచ్చానురా బాబూ అనిపించడం చాలామందికి జరుగుతుంది, ఎక్కువమందికి కొన్ని వారాల్లో అది పోతుంది. పోకుండా రోజురోజుకీ పెరుగుతుంటే అది కూడా ఒక సమాధానమే.

8. అవునో కాదో చెప్పేటప్పుడు

రాసుకున్న కాగితాలన్నీ ముందు పెట్టుకుని మిమ్మల్ని మీరు అడగండి. ఈ కుక్క ఇప్పుడు ఎలా ఉందో ఎప్పటికీ ఇలాగే ఉండిపోయినా, అంటే ఒళ్ళో ఎక్కి కూర్చోకపోయినా, కొత్తవాళ్ళని చూస్తే దాక్కున్నా, నాకు కావాలా? మారుతుందనే ఆశ మీద మాత్రమే తీసుకుంటుంటే వద్దు. నాకు జబ్బు చేస్తే దీన్ని ఎవరు చూస్తారు, వాళ్ళు ఒప్పుకున్నారా? వారం మధ్యలో రాసుకున్న ఆ రోజులో దీనికి నిజంగా చోటుందా? మూడిటికీ తడుముకోకుండా అవునన్న సమాధానం వస్తే సంతోషంగా తెచ్చుకోండి, మీలాంటి ఇంటి కోసమే అవి ఎదురుచూస్తుంటాయి.

కాదు అని తేలితే ఆ రోజే ఫోన్ చేసి స్పష్టంగా చెప్పండి. చూస్తాం, ఆలోచిస్తున్నాం అని నాన్చితే వాళ్ళు మీ కోసం ఆ కుక్కని ఆపి పెట్టి వేరేవాళ్ళకి లేదని చెప్తారు. కాదనడం వల్ల మీకు దయ లేదని ఎవరూ అనుకోరు, నిజం చెప్తే మాకు చాలా మేలు చేసినవాళ్ళవుతారు. కుక్కని ఉంచుకోలేకపోయినా వారాంతంలో వెళ్ళి వాటిని నడిపించొచ్చు, వెట్ దగ్గరికి బండి నడిపి సాయం చేయొచ్చు, వేరే వాళ్ళు ఊరెళ్ళినప్పుడు వారం రోజులు ఫోస్టర్ చేయొచ్చు, ఇవన్నీ మాకు ఎప్పుడూ కావాలి.

అవును అంటే సంతకం పెట్టే కాగితం మొత్తం చదవండి. ముఖ్యంగా కుదరకపోతే కుక్కని తిరిగి వాళ్ళకే ఇవ్వాలన్న షరతు ఉందో లేదో చూడండి, మంచి సంస్థలు ఏ వయసులోనైనా ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటాం అని రాస్తాయి. అలా లేకపోతే రాయమని అడగండి. మైక్రోచిప్ మీ పేరు మీదకి, మీ నంబర్ మీదకి మార్పించుకోండి, ఆ పని అక్కడే కూర్చుని పూర్తి చేసుకుని రండి, ఇంటికెళ్ళాక చేద్దాంలే అంటే మర్చిపోతారు. తర్వాత ఎప్పుడైనా కష్టమనిపిస్తే, తెలిసినవాళ్ళెవరికో ఇచ్చేసే ముందు రెస్క్యూ వాళ్ళకే ఫోన్ చేయండి, పది సమస్యల్లో సగం ఫోన్లోనే తీరిపోయేవి ఉంటాయి, తీరకపోయినా ఆ కుక్క సంగతి తెలిసిన మనుషుల దగ్గరికే అది వెళ్తుంది.